నిజాం లాన్సర్ల నుంచి పరమవీర చక్ర దాకా.. సెప్టెంబర్ 17 చర్చలో వినిపించని హైదరాబాద్ కమాండర్ కథ

జన్వాడ, శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల.. ఈ వైపు నుంచి సిటీకి వచ్చేవాళ్లలో మెహిదీపట్నం తెలియనివాళ్లు ఉండరు. అక్కడి నుంచి మాసబ్‌ట్యాంక్ వైపు వెళ్తుంటే చెవిన పడే పేరు ఫస్ట్ లాన్సర్. బస్తీ పేరు, పోలింగ్ బూత్ పేరు, ఆటోవాళ్లు చెప్పే అడ్రస్. కానీ ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? నిజాం కాలంలో ఇక్కడ ఉన్న గుర్రపు దళం నుంచి. దాని పూర్తి పేరు ఫస్ట్ హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్.

ఆ లాన్సర్లలో పనిచేసిన ఒక యువ అధికారి ఆ తర్వాత భారత సైన్యంలో చేరాడు. 1965 యుద్ధంలో సియాల్‌కోట్ దగ్గర ట్యాంకు రెజిమెంట్‌ను ముందుండి నడిపించాడు. అక్కడే ప్రాణాలు వదిలాడు. దేశం ఆయనకు పరమవీర చక్ర ఇచ్చింది. ఆయనే లెఫ్టినెంట్ కల్నల్ అర్దేషిర్ బుర్జోర్జీ తారాపోర్.

ఏటా సెప్టెంబర్ రాగానే తెలంగాణలో ఒకటే గొడవ. 17వ తేదీని ఏమని పిలవాలి? విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా, ప్రజాపాలన దినోత్సవమా? పార్టీకో పేరు, సభకో పేరు. తారాపోర్ పోరాడింది, చనిపోయింది కూడా ఇదే సెప్టెంబర్‌లో, ఇదే వారంలో. విలీనం తర్వాత ఏం జరిగిందో ఒక మనిషి జీవితంలో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అయినా ఈ చర్చల్లో ఆయన పేరు దాదాపుగా వినిపించదు.

ఇంతకీ ఎవరీ తారాపోర్?

1923 ఆగస్టు 18న బొంబాయిలో పుట్టారు. పార్సీ కుటుంబం. పూర్వీకుల్లో ఒకరు శివాజీ సైన్యంలో పనిచేశారని, అందుకు బహుమానంగా వచ్చిన ఊళ్లలో తారాపూర్ ముఖ్యమైనదని, ఇంటిపేరు అలా వచ్చిందని చెబుతారు. తారాపోర్ తాత హైదరాబాద్‌కు వచ్చి నిజాం ప్రభుత్వంలో కస్టమ్స్ శాఖలో ఉద్యోగం చేశారు. తండ్రి కూడా అదే శాఖ. అంటే రెండు తరాలుగా నిజాం కొలువులో ఉన్న ఇల్లు అది.

చదువు పుణెలోని బోర్డింగ్ స్కూల్లో సాగింది. 1940లో మెట్రిక్ పాసయ్యారు. ఆ తర్వాత హైదరాబాద్ రాజ్య సైన్యానికి దరఖాస్తు పెట్టుకున్నారు. ట్రైనింగ్ ఎక్కడో కాదు, గోల్కొండలోనే. గండిపేట మీదుగా సిటీకి వచ్చే జన్వాడ వాసులకు రోజూ కనిపించే కోట అది. ఇప్పుడు అక్కడ ఆర్టిలరీ సెంటర్ ఉంది. అప్పట్లో నిజాం సైన్యానికి ఆఫీసర్ల శిక్షణ స్కూల్ ఉండేది. తర్వాత బెంగళూరులోనూ శిక్షణ పూర్తి చేసుకుని, 1942 జనవరిలో 7వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరారు.

కాలిదళంలో చేరడం ఆయనకు అంత ఇష్టం లేదు. మనసంతా అశ్విక దళం మీదే. అప్పటికే గుర్రాలు పోయి సాయుధ వాహనాలు వస్తున్న కాలం. కోరిక ఉన్నా దారి కనిపించలేదు. ఆ దారి చూపించింది ఒక ప్రమాదం.

గ్రెనేడ్ పేలిన రోజు

కొత్తగా చేరిన జవాన్లకు గ్రెనేడ్ విసరడం నేర్పుతున్నారు. ఒక జవాను చేతిలోని గ్రెనేడ్ దూరంగా పడకుండా దగ్గర్లోనే, మనుషులున్న చోటే పడింది. పిన్ను తీసిన గ్రెనేడ్. సెకన్లలో పేలుతుంది. తారాపోర్ దూకి దాన్ని చేత్తో పట్టుకుని బయటకు విసిరేశారు. గాల్లోనే పేలింది. ముక్కలు ఆయన ఛాతీలో గుచ్చుకున్నాయి. జవాన్లు బతికారు.

ఇదంతా చూసిన వ్యక్తి మామూలు మనిషి కాదు. మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎడ్రూస్, హైదరాబాద్ రాజ్య సైన్యాధిపతి. కోలుకున్నాక తారాపోర్‌ను తన ఆఫీసుకు పిలిపించి మెచ్చుకున్నారు. ఇదే అదనుగా తారాపోర్ తన కోరిక బయటపెట్టారు. తనను సాయుధ దళానికి పంపమని అడిగారు. ఎడ్రూస్ సరేనన్నారు. అలా తారాపోర్ ఫస్ట్ లాన్సర్స్‌లోకి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ రెజిమెంట్‌తో పశ్చిమాసియాకు వెళ్లారు.

ఈ సంఘటనను ధైర్యం కథగా చెప్పుకోవడం మామూలే. కానీ ఇందులో ఇంకో విషయం ఉంది. శిక్షణ ఇచ్చే అధికారి జవాన్లకు దూరంగా, సురక్షితమైన చోట నిలబడి ఉంటే ఆ గ్రెనేడ్ ఆయన చేతికి అందేదే కాదు. ప్రమాదం ఎక్కడుంటే అధికారి అక్కడుండాలన్నది ఆయనకు చిన్న వయసులోనే అలవాటైంది. ఆ తర్వాత 1965లో చేసిందీ అదే.

1948: సైన్యం మారింది, సైనికుడు మారలేదు

1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. ప్రభుత్వం దాన్ని పోలీస్ యాక్షన్ అంది. సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. పడమటి నుంచి షోలాపూర్ దారిలో వచ్చిన ప్రధాన దళానికి నాయకుడు మేజర్ జనరల్ జయంతో నాథ్ చౌదురి. ఆయన చేతిలో ఉన్నది 1వ ఆర్మర్డ్ డివిజన్. తూర్పున విజయవాడ దారిలో మరో దళం కదిలింది. ఐదు రోజుల్లో పని ముగిసింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. 18న చౌదురి ముందు ఎల్ ఎడ్రూస్ లొంగిపోయారు. తారాపోర్‌ను లాన్సర్స్‌కు పంపిన ఎడ్రూసే ఆయన.

ఆ తర్వాత నిజాం సైన్యం పరిస్థితి ఏంటి? చాలా యూనిట్లు రద్దయ్యాయి. వేలమంది ఇళ్లకు వెళ్లిపోయారు. కొందరు అధికారులను మాత్రం ఎంపిక చేసి భారత సైన్యంలోకి తీసుకున్నారు. వాళ్లలో తారాపోర్ ఒకరు. 1951లో ఆయన్ను పూనా హార్స్ రెజిమెంట్‌కు పంపారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. పూనా హార్స్ అంటే పాత రెజిమెంట్. దానికి దాని చరిత్ర, దాని గర్వం ఉన్నాయి. 1948లో హైదరాబాద్ మీదికి వచ్చిన భారత దళాల్లో ఆ రెజిమెంట్ కూడా ఉంది. అలాంటి చోటికి, రెండున్నరేళ్ల కిందటి దాకా ఎదుటి పక్షంగా ఉన్న సైన్యం నుంచి ఒక అధికారి వచ్చాడు. రెజిమెంట్ ఆయన్ను కలుపుకుంది. సెంచూరియన్ ట్యాంకుల శిక్షణకు ఆయన్ను బ్రిటన్‌కు కూడా పంపారు. 1965 యుద్ధం నాటికి ఆ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ ఆయనే.

అప్పుడు దేశ సైన్యాధిపతి ఎవరో తెలుసా? 1948లో హైదరాబాద్‌ను లొంగదీసుకున్న అదే జనరల్ జె.ఎన్. చౌదురి. తారాపోర్ రెజిమెంట్ ఏ డివిజన్‌లో ఉంది? చౌదురి అప్పట్లో నడిపిన అదే 1వ ఆర్మర్డ్ డివిజన్‌లో. పదిహేడేళ్లలో చరిత్ర అలా తిరిగింది.

యుద్ధం సియాల్‌కోట్‌కు ఎందుకు వెళ్లింది?

1965 ఆగస్టులో పాకిస్తాన్ కశ్మీర్‌లోకి చొరబాటుదారులను పంపింది. సెప్టెంబర్ 1న ఛంబ్ ప్రాంతంలో ట్యాంకులతో నేరుగా దాడికి దిగింది. జమ్మూ-కశ్మీర్ రోడ్డు తెగిపోయే ప్రమాదం వచ్చింది. ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి ప్రభుత్వం అంతర్జాతీయ సరిహద్దు దాటడానికి సైన్యానికి అనుమతి ఇచ్చింది. 6న లాహోర్ వైపు దాడి మొదలైంది. 7వ తేదీ రాత్రి దాటాక సియాల్‌కోట్ వైపు 1వ కోర్ కదిలింది. దాని ప్రధాన బలం 1వ ఆర్మర్డ్ డివిజన్.

ఆలోచన సింపుల్. సియాల్‌కోట్ వైపు గట్టిగా కొడితే పాకిస్తాన్ తన ట్యాంకులను అటు మళ్లించక తప్పదు. కశ్మీర్ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఈ దారిలో రెండు ఊళ్లు కీలకం. మొదటిది ఫిల్లోరా, రోడ్ల కూడలి. రెండోది చవిండా, రైల్వే లైను మీది ఊరు.

మొదటి రోజుల్లో దాడి అనుకున్నంత వేగంగా సాగలేదు. పాకిస్తాన్ దళాలు తొందరగా తేరుకుని అడ్డుపడ్డాయి. రెండు మూడు రోజులు పోయాయి. సెప్టెంబర్ 11న ఫిల్లోరా మీద మళ్లీ దాడి పెట్టారు. ఈసారి భారం హాడ్సన్స్ హార్స్, పూనా హార్స్ రెజిమెంట్ల మీద పడింది.

ఫిల్లోరా: గాయపడినా వెనక్కి వెళ్లలేదు

పూనా హార్స్‌కు అప్పగించిన పని ఫిల్లోరాను వెనక వైపు నుంచి చుట్టి కొట్టడం. వెళ్తున్న దారిలోనే వజీర్‌వాలి వైపు నుంచి పాకిస్తాన్ ట్యాంకులు ఎదురుదాడికి వచ్చాయి. తారాపోర్ ముందు రెండు దారులున్నాయి. వెనక్కి తగ్గి సర్దుకోవడం, లేదా ఉన్నచోటే నిలబడి కొట్టడం. ఆయన నిలబడ్డారు. ఎదురుదాడిని ఆపి, ఒక స్క్వాడ్రన్‌తో ఫిల్లోరా వైపు దూసుకెళ్లారు. ట్యాంకు గుళ్లు, ఫిరంగి గుళ్లు ఆగకుండా పడుతున్నాయి. ఆయన గాయపడ్డారు. వెనక్కి పంపుతామంటే ఒప్పుకోలేదు.

అదే రోజు ఫిల్లోరా భారత సైన్యం చేతికి వచ్చింది. 1965 యుద్ధంలో భారత్ గెలిచిన పెద్ద ట్యాంకు పోరాటాల్లో ఇది ఒకటి. ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు దెబ్బతిన్న మర్నాడే ఇది జరిగింది. ఆ యుద్ధంలో రెండు పరమవీర చక్రలు వచ్చాయి. ఒకటి అసల్ ఉత్తర్‌లో జీపు మీది తుపాకీతో ట్యాంకులను ఎదుర్కొన్న హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు. రెండోది తారాపోర్‌కు.

ఆ తర్వాతి రోజుల్లో గాయంతోనే రెజిమెంట్‌ను నడిపించి వజీర్‌వాలిని పట్టుకున్నారు.

సెప్టెంబర్ 16: చివరి రోజు

ఇక మిగిలింది చవిండా. దాన్ని ఎదురుగా కొడితే నష్టం ఎక్కువ. అందుకే వెనక దారి మూసేయాలనుకున్నారు. అంటే జస్సోరాన్, బుటూర్ డోగ్రాండి అనే రెండు పల్లెలు పట్టుకోవాలి. 16న పూనా హార్స్ ట్యాంకులు, 8వ గఢ్వాల్ రైఫిల్స్ జవాన్లు కలిసి వెళ్లారు.

రెండు ఊళ్లూ చేతికి వచ్చాయి. కానీ అక్కడ నిలబడటమే అసలు పరీక్ష అయింది. మూడు వైపుల నుంచి కాల్పులు. తారాపోర్ ట్యాంకు పేరు ఖుషాబ్. 1857లో పర్షియా గడ్డపై రెజిమెంట్ పోరాడిన యుద్ధం పేరు అది. ఆ ట్యాంకుకు పలుమార్లు దెబ్బలు తగిలాయి. అయినా ఆయన కదల్లేదు. తన రెజిమెంట్ అక్కడ ఉన్నంతసేపే పక్కన కాలిదళం ముందుకు వెళ్లగలదు. ట్యాంకులు వెనక్కి తగ్గితే జవాన్లు ఒంటరి అవుతారు. ఆ రోజే తారాపోర్ తీవ్రంగా గాయపడి అమరుడయ్యారు. వయసు 42 ఏళ్లు. గఢ్వాల్ రైఫిల్స్ కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ జిరాద్ కూడా అదే రోజు అక్కడే ప్రాణాలు కోల్పోయారు. ఒకే పోరులో, ఒకే రోజు, ఇద్దరు కమాండింగ్ ఆఫీసర్లు.

ప్రశంసాపత్రం ప్రకారం ఈ ఆరు రోజుల్లో పూనా హార్స్ సుమారు 60 శత్రు ట్యాంకులను ధ్వంసం చేసింది. పోగొట్టుకున్నవి 9. ట్యాంకుల లెక్కల దగ్గర రెండు దేశాల వాదనలు వేరువేరుగా ఉంటాయి. కానీ ఆ రెజిమెంట్ పోరాడిన తీరుకు ఎదుటివాళ్ల దగ్గర కూడా పేరు వచ్చిందన్నది సైనిక వర్గాల్లో ఇప్పటికీ చెప్పుకునే మాట.

తాను చనిపోతే యుద్ధభూమిలోనే దహనం చేయాలని తారాపోర్ ముందే తోటి అధికారికి చెప్పి ఉంచారు. తన ప్రార్థనా పుస్తకం తల్లికి, గొలుసు భార్యకు, ఉంగరం కూతురికి, పెన్ను కొడుక్కి ఇవ్వమన్నారు. పార్సీల సంప్రదాయం వేరు. అయినా ఆయన కోరుకున్నట్టే జస్సోరాన్‌లో చితి పేర్చారు.

కమాండర్ ముందుండటం అవసరమా?

ఈ ప్రశ్న ఇప్పటికీ సైనిక పాఠశాలల్లో వస్తూనే ఉంటుంది. ఒక ట్యాంకు రెజిమెంట్‌లో 45 దాకా ట్యాంకులు ఉంటాయి. మూడు స్క్వాడ్రన్లు. వాటన్నిటినీ రేడియోలో నడిపించాల్సింది కమాండింగ్ ఆఫీసరే. ఆయన పడిపోతే అందరికీ దెబ్బ. కాబట్టి కాస్త వెనక ఉండాలన్నది ఒక వాదన.

ఇంకో వాదన కూడా ఉంది. 1965లో డ్రోన్లు లేవు, శాటిలైట్ ఫొటోలు లేవు. చెరకు తోటలు, దుమ్ము, పొగ మధ్య ఏం జరుగుతోందో తెలియాలంటే ట్యాంకు మూత తీసి తల బయటపెట్టి చూడాల్సిందే. వెనక ఉన్నవాడికి రేడియోలో సగం మాటలే వినిపిస్తాయి. ముందున్నవాడికి కళ్లెదుటే కనిపిస్తుంది, నిర్ణయం నిమిషంలో వస్తుంది. ఫిల్లోరా దగ్గర నిలబడాలన్న నిర్ణయం అలా వచ్చిందే.

ఇప్పటిదాకా పరమవీర చక్ర అందుకున్నవాళ్లు 21 మంది. వాళ్లలో జవాన్లు, నాయక్‌లు, లెఫ్టినెంట్లు, మేజర్లు ఉన్నారు. లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో, ఒక పూర్తి యూనిట్‌ను నడిపిస్తూ ఈ అవార్డు పొందింది తారాపోర్ ఒక్కరే. కమాండర్ స్థాయిలో ఈ అవార్డు ఎంత అరుదో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆయన వేసిన ముద్ర రెజిమెంట్‌లో నిలిచింది కూడా. 1971 డిసెంబర్‌లో బసంతర్ పోరులో, అదే పూనా హార్స్‌లో, 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ కాలుతున్న ట్యాంకును వదలకుండా పోరాడి పరమవీర చక్ర పొందాడు.

మరి చవిండా దక్కిందా?

దక్కలేదు. ఇది కూడా చెప్పుకోవాలి. తారాపోర్ పట్టుకున్న చోట్లను నిలుపుకోవడం కష్టమైంది. కాలిదళం, ట్యాంకులు, ఫిరంగులు ఒకే సమయానికి ఒకే చోట పనిచేయాల్సిన ప్లాన్ అది. ఆ సమన్వయం కుదరలేదు. 18వ తేదీ రాత్రి మొదలైన మరో దాడి కూడా ఫలించలేదు. 22 అర్ధరాత్రి దాటాక కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. 1966 జనవరి 10న తాష్కెంట్ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం రెండు దేశాలూ పట్టుకున్న భూమిని తిరిగి ఇచ్చేశాయి. ఫిల్లోరా కూడా వెనక్కి వెళ్లింది.

అంటే తారాపోర్ త్యాగం వృథానా? సైనిక లెక్కలో చూస్తే కాదు. సియాల్‌కోట్ దాడి ఉద్దేశం పాకిస్తాన్ ట్యాంకు బలాన్ని అక్కడ కట్టిపడేయడం, అరగదీయడం. ఆ పని జరిగింది. ఊరు చేతికి రాకపోవడం పైస్థాయి ప్లానింగ్ లోపం. కింద రెజిమెంట్ తన పని తాను చేసింది. ఈ రెండిటినీ కలిపేసి చూస్తే కమాండర్‌ను అతిగా పొగడటమో, తక్కువ చేయడమో అవుతుంది.

సెప్టెంబర్ 17కు ఆయన ఎందుకు అవసరం?

2022 నుంచి కేంద్రం ఆ రోజున పరేడ్ గ్రౌండ్స్‌లో హైదరాబాద్ విమోచన దినోత్సవం జరుపుతోంది. రాష్ట్రంలో అధికారంలో ఉన్నప్పుడు బీఆర్‌ఎస్ జాతీయ సమైక్యతా దినం అంది. 2024 నుంచి కాంగ్రెస్ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంటోంది. రజాకార్ల దాడుల్లో ఇంటివాళ్లను పోగొట్టుకున్న పల్లెలకు ఆ రోజు ఒక అర్థం. సైనిక చర్య తర్వాత జరిగిన హింసలో నష్టపోయిన కుటుంబాలకు మరో అర్థం. భూమి కోసం పోరాడిన కమ్యూనిస్టులకు ఇంకో అర్థం. ఒక్క పేరులో ఇవన్నీ ఇమడవు.

తారాపోర్ కథ ఆ గొడవను తీర్చదు. కానీ ఒక ముఖ్యమైన సంగతి గుర్తు చేస్తుంది. విలీనం అనేది 17వ తేదీ సాయంత్రం రేడియో ప్రసంగంతో పూర్తయిపోలేదు. ఆ తర్వాత ఏళ్లపాటు ఆఫీసుల్లో, స్కూళ్లలో, రెజిమెంట్లలో మనుషులు ఒకరినొకరు నమ్మడం ద్వారా జరిగింది. నిజాం కొలువులో పుట్టిపెరిగిన ఇంటి బిడ్డ చేతికి భారత సైన్యం ఒక రెజిమెంట్ మొత్తాన్ని అప్పగించింది. ఆ నమ్మకానికి ఆయన సియాల్‌కోట్ నేల మీద ప్రాణంతో బదులిచ్చారు. నిజాం సైన్యం అనగానే అందరినీ ఒకే గాటన కట్టేసేవాళ్లు ఈ జీవితాన్ని ఒకసారి చూడాలి.

1980ల్లో షిప్పింగ్ కార్పొరేషన్ తన చమురు నౌకల్లో ఒకదానికి తారాపోర్ పేరు పెట్టింది. 2023 జనవరి 23న అండమాన్‌లోని 21 దీవులకు పరమవీరుల పేర్లు పెట్టినప్పుడు ఒక దీవి తారాపోర్ ద్వీప్ అయింది. సముద్రం మధ్యలో ఆయన పేరుంది. 2025 సెప్టెంబర్‌తో 1965 యుద్ధానికి 60 ఏళ్లు నిండాయి.

ఇక హైదరాబాద్‌లో? గోల్కొండ కోట పక్క నుంచి, ఫస్ట్ లాన్సర్ మీదుగా రోజూ వేలమంది వెళ్తుంటారు. సెప్టెంబర్ 17న జెండా ఎగరేసే సభల్లో, పక్కనే ఉన్న బడుల్లో ఈ పేరు ఒక్కసారి చెప్పడానికి ఏ పార్టీకీ అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. ఆ రోజును ఏ పేరుతో పిలిచినా సరే, సెప్టెంబర్ 16న సియాల్‌కోట్ దగ్గర కూలిన కమాండర్ మొదటి పాఠం నేర్చుకున్నది మాత్రం ఈ ఊళ్లోనే.